డేటా డిక్షనరీ - చివరి అధ్యాయమా? మొదటి అధ్యాయమా?

మన కళాశాల కంప్యూటర్ సైన్సు శాఖలో ఒక బీరువా వుంది. ఏటేటా విద్యార్థులు సమర్పించిన ప్రాజెక్టు రిపోర్టులు బైండింగు చేయించి, అట్టల మీద బంగారు అక్షరాలు అద్దించి, అందులో దొంతరలుగా పేర్చి వుంటాయి. మొన్నొక పని మీద వచ్చినప్పుడు ఆ బీరువా తాళం తీయించి గంటసేపు వాటిని తిరగేశాను. పూర్వ విద్యార్థికి ఆ మాత్రం చనువు వుంటుంది గదా! వెతగ్గా వెతగ్గా నా రిపోర్టు కూడా దొరికింది. అట్ట మీది బంగారం రాలిపోయింది గాని లోపలి తప్పులు మాత్రం చెక్కు చెదరలేదు.

ప్రతి రిపోర్టులోనూ వెనకాల ఎక్కడో, తెరల బొమ్మలకు కాస్త ముందు, 'డేటా డిక్షనరీ' అని ఒక అధ్యాయం వుంది. నిండా పట్టికలు. ఫీల్డు పేరు, దాని రకం, పొడవు, చివర 'వివరణ'. ఫీల్డు పేరు 'స్టూడెంట్ నేమ్' అయితే వివరణలో 'నేమ్ ఆఫ్ ది స్టూడెంట్' అని వుంది. 'స్టేటస్' కి ఎదురుగా 'స్టేటస్' అనే వుంది. నీళ్ళంటే ఏమిటిరా అంటే నీళ్ళేనండీ అన్నట్టు! అమీర్‌పేటలో కొనుక్కొచ్చిన ప్రాజెక్టుల్లోనూ ఇదే తంతు, నిజంగా కష్టపడి చేసిన వాటిలోనూ ఇదే తంతు. నేను చేసిందీ ఇదే. వైవాకు రెండు రోజులుందనగా రిపోర్టు మరీ పల్చగా వుందని తోటివాళ్ళు అంటే, ఒక్క రాత్రి కూర్చుని పదకొండు పేజీలు నింపాను. వైవాలో వాటి గురించి ఎవరూ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. వేసి వుంటే బాగుండేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ పదకొండు పేజీలే రిపోర్టు మొత్తంలో ముఖ్యమైనవనీ, అవి చివర్లో కాదు, ప్రోగ్రాములో మొదటి వాక్యం రాయకముందే రాయవలసినవనీ చెప్పడానికే ఈ వ్యాసం. తెలుగు, చరిత్ర, వాణిజ్య శాఖల మిత్రులు 'ఇది మన గొడవ కాదులే' అని పేజీ తిప్పెయ్యవద్దని మనవి. ఇందులో మీకూ పని వుంది.

అసలు డేటా డిక్షనరీ అంటే ఏమిటి? ఒక సంస్థ తన కంప్యూటర్లో దాచుకునే ప్రతి అంశం గురించీ మామూలు మాటల్లో రాసిపెట్టుకునే పుస్తకం అది. ఈ అంశం ఏమిటి? ఏ కొలతలో వుంటుంది? ఏయే విలువలు రావచ్చు, ఏవి రాకూడదు? ఖాళీగా వుంటే దాని భావం 'లేదు' అనా, 'తెలియదు' అనా, 'ఇంకా అడగలేదు' అనా? దీన్ని మార్చే అధికారం ఎవరిది? ఇవన్నీ అందులో వుండాలి. రకం, పొడవు అన్నవి వీటిలో అన్నిటికన్నా చిన్న విషయాలు. మనమేమో ఆ రెండూ రాసి, మిగిలినవి వదిలేశాం.

ఒక్క సంఖ్య తీసుకుందాం. భూమి రికార్డులో 'విస్తీర్ణం' అన్న గడిలో 2.20 అని వుందనుకోండి. అనంతపురం నుంచి వచ్చిన విద్యార్థిని అడిగితే, రెండెకరాల ఇరవై సెంట్లు అంటాడు. నల్గొండ నుంచి వచ్చిన విద్యార్థిని అడిగితే, రెండెకరాల ఇరవై గుంటలు అంటాడు. ఎకరానికి సెంట్లు వంద, గుంటలు నలభై. కనుక నల్గొండ వాడి లెక్కలో అది నికరంగా రెండున్నర ఎకరాలు. ఇద్దరి మధ్యా తేడా ముప్ఫై సెంట్లు, అంటే 1452 చదరపు గజాలు. అన్నదమ్ములు కోర్టుకెక్కడానికి అందులో పదో వంతు చాలు!

ఇప్పుడు ఆ గడి మన చేతికొచ్చింది. మనం సెంట్లా గుంటలా అని అడగం. చుక్క కనిపించింది కాబట్టి దశాంశ సంఖ్య అనుకుంటాం. ఎకరం ముప్ఫై గుంటల ముక్కలు రెండు కలిపితే రైతు నోటిలెక్కన మూడెకరాల ఇరవై గుంటలని క్షణంలో చెబుతాడు. మన ప్రోగ్రాము 2.60 అని చెబుతుంది. గుంటల లెక్కలో 2.60 అనేదే లేదు, ముప్ఫై తొమ్మిది దాటితే ఎకరం అయిపోతుంది. పోనీ, ఇలాంటి తప్పు కనిపిస్తుంది, దొరుకుతుంది. 1.10 కి 1.10 కలిపినప్పుడు మాత్రం 2.20 అని రెండు లెక్కల్లోనూ ఒకే జవాబు వస్తుంది. మనం పరీక్షించడానికి తీసుకున్న ఉదాహరణ అదే అయితే, ప్రోగ్రాము దివ్యంగా వుందని సంతకం పెట్టేస్తాం. ఇంకో తమాషా వుంది. అదే 2.20 ని ఎక్సెల్‌లో వేస్తే చివరి సున్నా వ్యర్థమని తీసేసి 2.2 అని చూపిస్తుంది. దాన్ని చూసిన మరో గుమాస్తా రెండెకరాల రెండు గుంటలని చదువుకుంటాడు. పద్దెనిమిది గుంటల భూమి ఎవరూ దున్నకుండానే మాయమయింది!

ఇందులో ఎవరు మోసం చేశారు? ఎవరూ చెయ్యలేదు. ఎవరికి లెక్కలు రావు? అందరికీ వచ్చు. 'ఈ గడిలో చుక్కకు కుడివైపు వున్నది గుంటలు, 0 నుంచి 39 వరకే వుండాలి, దశాంశంగా కూడరాదు' అన్న వాక్యం ఎక్కడా రాసిలేదు, అంతే. అలాగే రెవెన్యూ కాగితాల్లో 1434 అని కనిపిస్తే అది ఫసలీ సంవత్సరం, 2024 జూలై 1న మొదలైందని పాత కరణాన్ని అడిగితే చెప్పేవాడు. మన ప్రోగ్రామరు దాన్ని తప్పు సంవత్సరమని తిప్పి కొడతాడు. తెలివైనవాడైతే తానే దిద్దేస్తాడు కూడా. అది మరీ ప్రమాదం.

నా సంగతి చెబుతానన్నాను గదా. చదువు పూర్తయిన కొత్తలో, 2003 ప్రాంతంలో, ఒక చిన్న కంపెనీలో చేరాను. ఒక కాలేజీకి ఫీజుల లెక్క చూసే ప్రోగ్రాము అంతకుముందే ఎవరో రాశారు. రాసినతను అమెరికా వెళ్ళిపోయాడు. పరీక్షల ముందు 'ఫీజు బాకీ వున్నవారి జాబితా' తీసిపెట్టే పని నాకప్పగించారు. పట్టికలో స్టేటస్ అన్న గడి వుంది. అందులో కొందరికి 'పి' అక్షరం, కొందరికి 'ఎన్', కొందరికి ఖాళీ. స్కాలర్‌షిప్పుల పట్టికలోనూ స్టేటస్ వుంది, అక్కడ 'పి' అంటే పెండింగ్ అని ఆఫీసులో గుమాస్తాయే నాకు చెప్పాడు. ఇక్కడా అంతే అనుకున్నాను. అనుకోవడానికి అర నిమిషం కూడా పట్టలేదు. ఫీజుల పట్టికలో 'పి' అంటే పెయిడ్!

డబ్బు కట్టిన వాళ్ళందరి పేర్లూ బాకీదారులుగా నోటీసు బోర్డుకెక్కాయి. కట్టనివాళ్ళు హాల్ టికెట్లు తీసుకుని హాయిగా వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున్నే ఒక పెద్దాయన మొదటి బస్సుకు వచ్చి కౌంటరు దగ్గర నిలబడ్డాడు. రసీదును ప్లాస్టిక్ కవరులో మడిచి జేబులో పెట్టుకొచ్చాడు. దాన్ని విప్పి చూపిస్తుంటే గుమాస్తా దానివంక చూడకుండా కంప్యూటరు వైపు వేలు చూపించి, "అందులో లేదయ్యా, మేమేం చెయ్యం?" అన్నాడు. "కాగితం మీ సంతకంతోనే వుంది గదా బాబూ" అన్నాడాయన. నేను ఆ పక్క గదిలోనే, ఆ జాబితా ఎంత వేగంగా వచ్చిందో మేనేజరుకు చెప్పుకుంటున్నాను. కూతురు కాబోలు, వెనకాల గోడకానుకుని పుస్తకం తెరిచి చదువుకుంటోంది. ఆ మధ్యాహ్నమే పరీక్ష.

పదకొండు గంటలకు తప్పు బయటపడింది. అందరూ పరీక్ష రాశారు. నాకు పెద్దగా చీవాట్లు కూడా పడలేదు. 'కంప్యూటర్ మిస్టేక్' అని నోటీసు అంటించారు. కంప్యూటరు ఏ మిస్టేకూ చెయ్యలేదని ఆ గదిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆయనకు క్షమాపణ చెప్పుకోవాలని బయటికొచ్చేసరికి ఊరి బస్సు ఎక్కేశాడు. పెయిడ్, పెండింగ్, ప్రెజెంట్, పాస్ - ఒక్క అక్షరానికి మన కాలేజీల్లోనే ఇన్ని అర్థాలున్నప్పుడు, ఒక కాగితం మీద నాలుగు పంక్తులు రాసిపెట్టి వుంటే ఆ మనిషి పనిమానుకుని ఆ ప్రయాణం చేసే అవసరమే వుండేది కాదు.

ఇదేమీ కొత్తగా కనిపెట్టిన విద్య కాదు. 1959లో రూపుదిద్దుకున్న కోబాల్ భాషలోనే దత్తాంశాన్ని వర్ణించడానికి ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టారు, పనులు చేసే విభాగం దాని తరువాతే వస్తుంది. 1970ల చివర్లో టామ్ డిమార్కో తన స్ట్రక్చర్డ్ అనాలిసిస్ పుస్తకంలో డేటా డిక్షనరీ రాయడానికి చిన్న చిన్న గుర్తులు ఏర్పాటు చేశాడు. ఫలానాది ఫలానా వాటితో ఏర్పడింది, ఇందులో ఏదో ఒకటే రావాలి, ఇది ఎన్నిసార్లయినా రావచ్చు, ఇది వుంటే వుండవచ్చు లేకుంటే లేదు అని. మన సిలబస్‌లో ఈ అధ్యాయం వుండడానికి మూలం ఆ రోజుల ఆలోచనలే. పాఠం మిగిలింది, ప్రాణం పోయింది.

ఇక్కడ తెలివైన విద్యార్థి ఒక ప్రశ్న వేస్తాడు. 'డేటాబేసు తన గురించి తానే చెప్పుకుంటుంది గదా సార్, మళ్ళీ మనం రాయడం దేనికి?' అని. నిజమే. ఎడ్గార్ కాడ్ 1985లో చెప్పిన సూత్రాల్లో అదీ ఒకటి. డేటాబేసులో ఏయే పట్టికలున్నాయో, ఏయే గడులున్నాయో ఆ వివరమంతా మళ్ళీ పట్టికల రూపంలోనే దొరకాలన్నాడు. ఒరాకిల్ వాళ్ళు ఆ లోపలి పట్టికలకు డేటా డిక్షనరీ అనే పేరు పెట్టడంతో గందరగోళం మరింత పెరిగింది. ఆ పట్టికలు నాకు ఏం చెప్పాయి? స్టేటస్ అన్నది అక్షర రకం, పొడవు ఒకటి అని చెప్పాయి. అది అక్షరాలా నిజం, అర్థాలా శూన్యం! గడి పక్కన వ్యాఖ్య రాసుకునే సదుపాయం ఒరాకిల్‌లోనూ వుంది, పోస్ట్‌గ్రెస్‌లోనూ వుంది. ఒక్క వాక్యం పని. ఇన్నేళ్ళలో నేను చూసిన డేటాబేసుల్లో దాన్ని వాడుకున్నవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

అయితే పుస్తకం రాసి అల్మరాలో పెడితే చాలునా అంటే, అదీ చాలదు. 1998 డిసెంబరులో అమెరికా వాళ్ళ నాసా సంస్థ కుజగ్రహానికి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే నౌకను పంపింది. 1999 సెప్టెంబరు 23న అది కుజుణ్ణి చేరుకుని, చేరుకుంటూనే పోయింది. ఉపరితలానికి 226 కిలోమీటర్ల ఎత్తున వెళ్ళవలసింది సుమారు 57 కిలోమీటర్ల ఎత్తుకు దిగిపోయింది. విచారణలో తేలిందేమిటి? నౌక చిన్న చిన్న జెట్లు పేల్చినప్పుడు ఎంత తోపు కలిగిందో లెక్కగట్టి ఒక ఫైలులో రాసే ప్రోగ్రాము పౌండు-సెకన్లలో రాసింది. ఆ ఫైలు చదివి దారి లెక్కగట్టే ప్రోగ్రాము వాటిని న్యూటన్-సెకన్లు అనుకుంది. రెంటికీ తేడా ఇంచుమించు నాలుగున్నర రెట్లు. నౌక ఒక్కదానికే అయిన ఖర్చు పన్నెండున్నర కోట్ల డాలర్లు.

ఈ కథను మన అధ్యాపకులు క్లాసులో కొలతల ప్రాముఖ్యం కోసం చెబుతుంటారు. దీంట్లో అంతకన్నా చేదు విషయం ఒకటి వుంది. ఆ ఫైలులో ఏ అంకె ఏ కొలతలో వుండాలో చెప్పే పత్రం అప్పటికే వుంది! మెట్రిక్ కొలతలే వాడాలని అందులో రాసే వుంది. రాసినవాడు రాశాడు, ప్రోగ్రాము చేసినవాడు పాటించలేదు, పాటించాడో లేదో ఫైలును పత్రంతో పోల్చి చూసినవాడు లేడు. తొమ్మిది నెలల ప్రయాణంలో దారి కాస్త తేడాగా వుందని అనుమానించిన వాళ్ళున్నా సంగతి తేలలేదు. కనుక డిక్షనరీ అంటే రిపోర్టులో ఒక అధ్యాయంగా చచ్చి పడివుండేది కాదు. కొత్త ఫైలు వచ్చినప్పుడల్లా దాన్ని ఆ పుస్తకంతో పోల్చి, గుంటల గడిలో 40 కనిపిస్తే అక్కడే ఆపే ఏర్పాటు కూడా అందులో భాగమే. ఈ రోజుల్లో దీన్ని యంత్రం చేతనే చేయించవచ్చు, పెద్ద కష్టం కాదు.

బాగా చేసిన పని కూడా ఒకటి చెప్పాలి, లేకపోతే నేను దెప్పడానికే కలం పట్టాననుకుంటారు. ఆధార్ మొదలుపెట్టే ముందు, 2009లో, ఎన్. విఠల్ అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. మనిషి గురించి ఏయే వివరాలు తీసుకోవాలి, ఒక్కొక్కటి ఎలా రాయాలి అన్నదే వాళ్ళ పని. మొట్టమొదటి నమోదు ఇంకా జరగనే లేదు, అప్పటికే అర్థాల పుస్తకం తయారైంది. అందులో నాకు బాగా నచ్చినవి రెండు. పేరుకు ఒకే గడి పెట్టారు. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని చీల్చలేదు. ఇంటిపేరు ముందు రాసుకునే మనకు ఆ చీలిక ఎంత బాధో పాస్‌పోర్టు, వీసా కాగితాలు నింపిన ప్రతివాడికీ తెలుసు. 'లాస్ట్' అంటే వరుసలో చివరిదా, వంశానిదా? ఆ ప్రశ్నకు జవాబు రాయని దరఖాస్తుల వల్ల మన పిల్లలు విదేశాల్లో ఇంటిపేరుతో పిలిపించుకుంటూ తిరుగుతున్నారు.

రెండోది పుట్టినతేదీ. మన దేశంలో పుట్టినతేదీ తెలియని వాళ్ళు కోట్లలో వుంటారని ఒప్పుకుని, తేదీ పక్కన దాని విశ్వాసమెంతో కూడా రాశారు. రుజువు చూసి రాసిందా, మనిషి చెబితే రాసిందా, ఉజ్జాయింపుగా వేసిందా అని. తెలియనప్పుడు జనవరి 1 వేస్తారు, అయితే అది ఉజ్జాయింపు అని గుర్తు వుంటుంది. ఆధార్ మీద ఎవరికి ఎన్ని అభ్యంతరాలున్నా వుండనివ్వండి, నాకూ కొన్ని వున్నాయి. ఆ ఒక్క గుర్తులో మాత్రం ఎంతో వివేకం వుంది. ఆ గుర్తును పట్టించుకోకుండా తేదీని ఒక్కదాన్నే తీసుకుని పెన్షన్లకు వాడితే ముసలమ్మ వయసు మీద జరిగే రగడ ఎవరి తప్పు?

ఇక అభ్యంతరాలు. 'ఈ కాలంలో ఎవరండీ కాగితాలు రాసేది, అంతా ఎజైల్' అంటాడు మా ఆఫీసు కుర్రాడు. 2001లో ఆ ప్రకటన రాసిన పదిహేడు మందీ పత్రాల కన్నా పనిచేసే ప్రోగ్రాముకు ఎక్కువ విలువ ఇస్తామన్నారు గాని, పత్రాలకు విలువ లేదనలేదు. వుందనే అన్నారు. మనవాళ్ళు సగం వాక్యం చదివి సెలవు తీసుకున్నారు. 'మంచి పేర్లు పెడితే చాలు, వేరే పుస్తకం ఎందుకు?' అనేవాళ్ళ మాటలో కొంత పస వుంది. 'విస్తీర్ణం' అనే బదులు 'విస్తీర్ణం గుంటల్లో' అని పేరు పెట్టి, మొత్తాన్ని గుంటల్లోకి మార్చి దాస్తే సగం గొడవ తీరుతుంది. అది తప్పకుండా చెయ్యాలి. కాని ఆ గడిని దిద్దే అధికారం ఎవరిదో, ఖాళీకి భావమేమిటో పేరులో పట్టదు గదా.

మరి ఇప్పుడు మాట చెబితే చాలు, ప్రోగ్రాము రాసిపెట్టే కృత్రిమ మేధ వచ్చింది. నేనూ రోజూ వాడుతున్నాను, కాదనను. అది స్టేటస్ అన్న గడిని చూసి, 'పి' ని చూసి, దాని అర్థమేమై వుంటుందో వూహిస్తుంది. 2003లో నేను చేసింది కూడా అదే. నాకు అర నిమిషం పట్టింది, దానికి రెప్పపాటు చాలు. అదే డిక్షనరీ చేతికిచ్చి అడిగితే మాత్రం చక్కగా పాటిస్తుంది. ప్రోగ్రాము రాయడం ఇంత సులువయ్యాక, అర్థం రాసిపెట్టడమొక్కటే మనకు మిగిలిన కష్టం కాబోలు అనిపిస్తోంది.

తెలుగు శాఖ వారి పని ఏమిటో ఇప్పుడు చెబుతాను. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం వచ్చిన సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు. వ్యవసాయ పదాల సంపుటం 1962లోనూ, చేనేత పదాల సంపుటం 1971లోనూ వెలువడ్డాయి. గదిలో కూర్చుని కావ్యాలు వెతికి చేసిన నిఘంటువు కాదది. ఊళ్ళకు వెళ్ళి, నాగలి దగ్గరా మగ్గం దగ్గరా నిలబడి, 'దీన్నేమంటారు?' అని అడిగి, ఏ ప్రాంతంలో ఏ మాటో రాసుకుని చేసింది. డేటా డిక్షనరీ రాయవలసిన పద్ధతి అచ్చంగా ఇదే! మా కంప్యూటరు వాళ్ళకు ఎదుటి మనిషిని కూర్చోబెట్టి అడగడం, అతను చెప్పింది విని వున్నదున్నట్టు రాసుకోవడం నేర్పినవాళ్ళు లేరు. మీకది పాఠంలోనే వుంది.

మన కళాశాలలో విద్యార్థులెందరు అని మొన్న మూడు చోట్ల అడిగాను. అడ్మిషన్ల విభాగం వారు ఒక సంఖ్య చెప్పారు, పరీక్షల విభాగం వారు ఇంకొకటి, గ్రంథాలయం వారు మరొకటి. ముగ్గురూ నిజమే చెప్పారు. మధ్యలో మానేసి టి.సి. తీసుకోని వాళ్ళు మొదటి లెక్కలో వున్నారు. పాత సబ్జెక్టులు మిగిలిపోయి ఏటా పరీక్షకు వచ్చేవాళ్ళు రెండో దానిలో వున్నారు. పరిశోధక విద్యార్థులు కార్డులున్నంతకాలం మూడో దానిలో వుంటారు. 'విద్యార్థి' అన్న ఒక్క మాటకే మన ఆవరణలో మూడు అర్థాలు.

అందుచేత నాదొక ప్రతిపాదన. వచ్చే సంవత్సరం నుంచి ప్రాజెక్టు మొదటి సమీక్షలోనే, ఇంకా ఒక్క తెర కూడా గియ్యకముందే, డేటా డిక్షనరీ చూపించాలనీ, ప్రతి గడికీ ఎవరిని అడిగి అర్థం రాశారో వారి హోదా కూడా రాయాలనీ శాఖాధిపతిగారు ఒక నిబంధన పెట్టాలి. వైవాలో మొదటి ప్రశ్న దాని మీదే వెయ్యాలి. ఈలోగా, ఈ వేసవిలో, తెలుగు శాఖ నుంచి ఇద్దరు, కంప్యూటరు శాఖ నుంచి ఇద్దరు ముందుకొస్తే ఆ మూడు ఆఫీసులకూ, హాస్టలుకూ తిరిగి అడగవలసిన ప్రశ్నల జాబితా నేను తయారుచేసి ఇస్తాను. సెలవులకు ఊరు వెళ్ళకుండా వుండేవాళ్ళు విద్యార్థి సంఘం గదిలో పేర్లు ఇవ్వండి. మొదటి రోజు ఫీజుల కౌంటరు దగ్గర మొదలుపెడదాం, అక్కడికి నేనూ వస్తాను.